అస్తమించనివాడే ఆరాధ్యుడు

(మదనపల్లె, పుంగనూరు, కుప్పం మస్జిదులలో జుమా ఖుత్బాకు ముందు తెలుగులో చేసిన ప్రసంగపాఠం)

మనల్ని పుట్టించి, పోషించి, ఈ జుమా దినాన తన గృహంలో సమావేశపరచిన అల్లాహ్‌కు సకల కృతజ్ఞతలు. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సఅసం) పైన, ఆయన కుటుంబీకుల పైన, సహచరుల పైన శాంతి, శుభాలు కురియుగాక!

 

మానవజాతి అనేక దేవుళ్ల ఆరాధన నుండి ఏకదైవారాధన వైపు ఎలా నడిచింది? ఇది చరిత్ర విద్యార్థులకే పరిమితమైన ప్రశ్న కాదు. ‘లా ఇలాహ ఇల్లల్లాహ్’ అని రోజూ పలికే మన నాలుకకు, రోజూ ఎందరికో తలవంచే మన హృదయానికి మధ్య గల దూరాన్ని కొలిచే ప్రశ్న. కనుక నేడు దీనిని కొంత వివరంగా ఆలోచిద్దాం.

నేటి ఇరాక్ దేశపు దక్షిణ భాగంలో ఉర్ అనే ప్రాచీన నగర శిథిలాలు ఉన్నాయి. లియొనార్డ్ వూలీ అనే పురావస్తు పరిశోధకుడు 1922 నుండి 1934 వరకు అక్కడ త్రవ్వకాలు జరిపాడు. సుమారు నాలుగు వేల సంవత్సరాల క్రితం ఊర్‌నమ్ము అనే రాజు చంద్రదేవుని కోసం కట్టించిన మెట్ల గోపురం నేటికీ అక్కడ నిలిచి ఉంది. ఉత్తరాన, నేటి తుర్కియేలో ఉన్న హర్రాన్ కూడా చంద్రారాధనకు కేంద్రమే. ఖుర్ఆన్ ఇబ్రాహీమ్ (అలై) జన్మస్థలం పేరు చెప్పలేదు. అయితే పూర్వగ్రంథాల సంప్రదాయం ఆయనను ఈ రెండు నగరాలతోనే ముడిపెడుతుంది.

ఆ ప్రాంతంలో తరువాతి శతాబ్దాలలో భూదానాలను నమోదు చేసిన శిలలు అనేకం లభించాయి. వాటి పైభాగాన తరచుగా మూడు చిహ్నాలు ప్రక్కప్రక్కన కనిపిస్తాయి: ఒక నక్షత్రం, ఒక నెలవంక, ఒక సూర్యబింబం. నక్షత్రం ఇష్తార్ దేవతకు, నెలవంక సిన్ దేవునికి, సూర్యబింబం షమష్ దేవునికి గుర్తులు. ఇప్పుడు అన్‌ఆమ్ సూరాను గుర్తు చేసుకోండి. ఇబ్రాహీమ్ (అలై) తన జాతి ముందు మొదట నక్షత్రాన్ని, పిదప చంద్రుణ్ణి, ఆ పిదప సూర్యుణ్ణి చూపి, అవి అస్తమించడాన్ని ఎత్తి చూపారు. అస్తమించేది నాకు ప్రభువు కాజాలదని తేల్చిచెప్పారు. ఆ జాతి నమ్ముకున్న మూడు ఆధారాలను ఆయన అదే వరుసలో పరీక్షకు పెట్టారు. ఆ పరీక్షకు కత్తి అవసరం రాలేదు. కన్ను తెరచి చూడటం, చూసిన దానిని గూర్చి నిజాయితీగా ఆలోచించడం మాత్రమే అవసరమైంది.

సోదరులారా! అంత గొప్ప నాగరికత, అంకెలు తెలిసిన, నక్షత్రగమనం లెక్కించిన జాతి, అనేక దేవుళ్లను ఎందుకు ఆశ్రయించింది? భయమే ప్రధాన కారణం. వానకు ఒక భయం, వరదకు మరొక భయం, రోగానికి ఇంకొకటి. మనిషి తన భయాలను ఎన్ని ముక్కలుగా పంచుకున్నాడో అన్ని ద్వారాల ముందు మోకరిల్లాడు. దీనికి తోడు ప్రతి నగరానికి ఒక దేవుడు. ఆలయం పేరున భూములు, ధాన్యపు కొట్లు, లెక్కలు వ్రాసే గుమాస్తాలు. మా నగర దేవుడు గొప్పవాడంటే, మీ నగరం మాకు లోబడవలెనని అర్థం. దైవం ముక్కలైన చోట మనుషులు కూడా ముక్కలవుతారు. ఈ కారణం చేతనే తౌహీద్ ఆకాశానికి మాత్రమే సంబంధించిన సిద్ధాంతం కాదు. సృష్టికర్త ఒక్కడే అయినప్పుడు మానవులందరూ ఒకే కుటుంబం. హుజురాత్ సూరా మనకు బోధించేది ఇదే: జాతులు, తెగలు పరస్పర పరిచయానికే గాని ఆధిక్యానికి కావు.

ఇక ఈజిప్టు వైపు చూద్దాం. క్రీస్తుపూర్వం సుమారు 1350లో నాలుగవ ఆమెన్‌హోతెప్ అనే ఫిరౌను తన పేరును అఖెనాతెన్‌గా మార్చుకున్నాడు. సూర్యబింబమైన ఆతెన్‌ను మాత్రమే కొలవాలని నిర్ణయించి, క్రొత్త రాజధాని కట్టించాడు. శిల్పులను పంపి, గోడల మీద ఆమున్ దేవుని పేరును ఉలితో చెక్కివేయించాడు. అతడు మరణించిన కొద్ది సంవత్సరాలకే ఆ రాజధాని పాడుబడింది, పాత ఆలయాలు తెరచుకున్నాయి. తూతంఖాతెన్ అనే పేరుతో పుట్టిన బాలరాజు తూతంఖామున్‌గా పేరు మార్చుకున్నాడు. ఎందుకిలా జరిగింది? ఆ మతం సింహాసనం నుండి దిగివచ్చిందే గాని హృదయాల నుండి లేచిరాలేదు. పైగా అందులో ఆరాధన అందుకున్నది సూర్యుడు, ఒక సృష్టి మాత్రమే. ఆ సూర్యునికీ ప్రజలకూ మధ్య రాజు తానే నిలిచాడు. రాళ్ల మీద పేర్లు చెరిపివేయటం సులభం. మనసులో ఒక పేరు వ్రాయటం రాజుల చేతిలో లేదు. ధర్మ విషయంలో బలాత్కారం లేదని బఖరా సూరా బోధించడంలోని వివేకం ఇక్కడ మనకు తెలుస్తుంది.

మూడవ ఉదాహరణ అరేబియా దక్షిణాన ఉన్న యమన్. అక్కడి హిమ్యర్ రాజుల శాసనాలలో క్రీస్తుశకం సుమారు 380 నుండి పాత దేవతల పేర్లు మాయమవుతాయి. వాటి స్థానంలో భూమ్యాకాశాల ప్రభువు, ‘రహ్మానాన్’, అంటే కరుణామయుడు అనే పిలుపు కనిపిస్తుంది. మన ప్రవక్త (సఅసం) జననానికి ఎంతో ముందే ఆ శిలలపై ఈ నామం చెక్కబడింది! ఎంత ఆనందం కలిగించే విషయం!

అయితే ఆనందంతో ఆగిపోకండి. అదే రాజ్యంలో, కరుణామయుని పేరు పలికే అదే సింహాసనంపై కూర్చున్న జూనువాస్ అనే రాజు, 523 ప్రాంతంలో నజ్రాన్‌లోని క్రైస్తవ విశ్వాసులను ఊచకోత కోయించాడు. బురూజ్ సూరాలో అగ్నికందకాల వారి ప్రస్తావన ఈ ఘటన గురించేనని చాలామంది వ్యాఖ్యాతలు వివరించారు. ఖుర్ఆన్ ఎవరి పక్షాన నిలిచిందో గమనించండి. కందకం అంచున కూర్చుని చూసినవారిని శపించింది. కాలిపోయినవారిని విశ్వాసులని పిలిచింది. దేవుడు ఒక్కడేనని లెక్క సరిగ్గా చెప్పినంత మాత్రాన మనిషి నీతిమంతుడు కాడు. కరుణామయుని నామం నాలుకపై ఉండి, కరుణ చేతిలో లేకపోతే, ఆ నామమే రేపు మనపై సాక్ష్యం చెబుతుంది.

ఇక మక్కా. ప్రవక్త (సఅసం) పదమూడు సంవత్సరాలు అక్కడ బోధించారు. కాబా చుట్టూ విగ్రహాలు నిలిచే ఉన్నాయి. అవమానాలు, బహిష్కారం, ఆకలి భరించారు, హృదయాలతో మాట్లాడారు. హిజ్రత్ తరువాత ఏడవ సంవత్సరంలో, అంటే 629లో, ఉమ్రా కోసం వచ్చినప్పుడు కూడా ఒప్పందాన్ని గౌరవించి, ఆ విగ్రహాల నడుమనే తవాఫ్ చేసి వెనుదిరిగారు. మరుసటి సంవత్సరం మక్కా లోబడిన నాడు, తన పూర్వీకుడు ఇబ్రాహీమ్ (అలై) ఏకదైవారాధన కోసం నిర్మించిన ఆ గృహం నుండి మూడు వందల అరవై విగ్రహాలను తొలగించారు. తనను వెళ్లగొట్టిన ప్రజలను మాత్రం క్షమించి విడిచిపెట్టారు. ఈజిప్టు రాజు ఉలి కొన్నేళ్లలో ఓడిపోయింది. ఈ సహనం, ఈ క్షమ పద్నాలుగు శతాబ్దాలుగా నిలిచి ఉన్నాయి.

సోదరులారా! ఏకేశ్వరుని అన్వేషణ ఎడారులకే పరిమితం కాలేదు. 1919లో మన మదనపల్లెకు ఒక అతిథి వచ్చారు. ఇక్కడి బీసెంట్ దివ్యజ్ఞాన కళాశాలలో బస చేసి, తన ‘జనగణమన’ గీతానికి ఆంగ్లానువాదం వ్రాసి ఇచ్చారు. ఆయనే రవీంద్రనాథ్ ఠాగూర్. ఆ గీతం 1912లో బ్రహ్మసమాజపు పత్రికలో ప్రచురితమైంది. విగ్రహాలు లేని ఏకేశ్వరోపాసనే ఆ సమాజపు మార్గం. కవి తండ్రి దేవేంద్రనాథ్ దానికి నాయకుడు. దానికి పునాది వేసిన రామమోహన్ రాయ్ అరబీ, ఫారసీ నేర్చినవారు. ఆయన తొలి గ్రంథం పేరు ‘తుహ్ఫతుల్ మువహ్హిదీన్’, అంటే ఏకదైవారాధకులకు కానుక. అది ఫారసీలో వ్రాయబడింది, పీఠిక అరబీలో ఉంది. మనం వారి సిద్ధాంతాలన్నిటితో ఏకీభవించనక్కరలేదు. కాని మన పొరుగువారి హృదయాలలో ఆ ఒక్కని కోసం వెదుకులాట లేదని అనుకోవటం అహంకారం. కుప్పంలో నిలబడి వినండి: తెలుగు, తమిళం, కన్నడం, ఉర్దూ నాలుగూ చెవిన పడతాయి. కష్టం వచ్చినప్పుడు నాలుగు భాషలలోనూ మనిషి చూపు పైకే లేస్తుంది.

ఇక్కడ నా తప్పు ఒకటి మీ ముందు ఒప్పుకోవాలి. సుమారు ముప్పై ఏళ్ల క్రితం, ఇమామతు చేపట్టిన క్రొత్తలో, ఒక జాతర రోజున నేను మైకులో ప్రసంగిస్తూ పొరుగువారి అమ్మవారిని ఎగతాళి చేశాను. కొందరు యువకులు సంతోషించారు. నాకూ గర్వం కలిగింది. మరునాడు మస్జిదు గేటు ప్రక్కన పూలమ్మే ముసలమ్మ నన్ను ఆపింది. వేసవి రంజాన్‌లో మన నమాజీల కోసం నీళ్ల కుండ నింపి పెట్టేది ఆమే. “సాయిబూ, నేను మీకేం కీడు చేసినాను?” అని మాత్రం అడిగింది. నా వద్ద జవాబు లేదు. ఉస్తాద్ గారికి ఈ సంగతి విన్నవించగా, “బేటా, ఇబ్రాహీమ్ (అలై) ముందు తన తండ్రితో ప్రేమగా మాట్లాడారు, తరువాత అగ్నిలో తాను పడ్డారు. నీవు ఎవరితో ప్రేమగా మాట్లాడావు? నీకు ఏ కష్టం కలిగింది?” అన్నారు. ఆ పిదప, అన్యులు ఆరాధించే వాటిని దూషించవద్దని అన్‌ఆమ్ సూరాలోనే ఉన్న ఆదేశాన్ని నా చేత చదివించారు. ఇబ్రాహీమ్ (అలై) నక్షత్రాన్ని, చంద్రుణ్ణి చూపిన సూరాలోనే ఆ ఆదేశం ఉంది! నేను మొదటిది చదివి, రెండవది మరచాను. ఆ ముసలమ్మ వద్దకు వెళ్లి క్షమాపణ కోరాను. ఆమె మరుసటి రంజాన్‌లోనూ కుండ నింపింది.

కనుక ఇతరుల విగ్రహాలను లెక్కించే ముందు మన లోపలి వాటిని లెక్కిద్దాం. టమాటా ధర పడిపోయిన ఒక వారంలో, మండీలో వ్యాపారం చేసే సోదరుడొకరు దుకాణపు గుమ్మానికి కట్టుకొనేందుకు తావీజు వ్రాసిమ్మని నన్ను అడిగారు. “రైతులకు ఇవ్వవలసిన బాకీ ఏమైనా ఉందా?” అని అడిగాను. తలవంచుకున్నారు. “ముందు ఆ బాకీ తీర్చండి, రిజ్ఖ్ ఇచ్చేవాడు దారాలు కట్టిన గుమ్మాలను వెదకడు” అన్నాను. ఆయన ఏమీ అనకుండా వెళ్లిపోయారు. బహుశా ఆ తావీజు మరెక్కడో దొరికి ఉంటుంది.

ఒక్కడే పోషకుడని నమ్మి, త్రాసులో మోసం చేసేవాడు ఆ త్రాసును పోషకునిగా చేసుకున్నాడు. కోడలి కట్నం కోసం దీనుని ప్రక్కన పెట్టినవాడు, చెల్లెలికి రావలసిన వారసత్వపు వాటా ఎగవేసినవాడు తన కోరికకు సజ్దా చేశాడు. కోరికనే దైవంగా చేసుకున్నవాని గురించి ఫుర్ఖాన్ సూరా హెచ్చరించింది. ప్రదర్శన కోసం చేసే ఆరాధనను ప్రవక్త (సఅసం) చిన్న షిర్క్‌గా పేర్కొని, మన విషయంలో దానికే ఎక్కువగా భయపడ్డారు. ఈ విగ్రహాలకు ఆకారం లేదు. అందుచేత వీటిని పగులగొట్టడం కష్టం.

ఈ వారం మూడు పనులు చేద్దాం. ఒకటి: ఎవరి సొమ్మైనా మన వద్ద నిలిచి ఉంటే, వచ్చే జుమాలోగా తిరిగి ఇద్దాం, ఇవ్వలేకపోతే వెళ్లి గడువు అడుగుదాం. రెండు: పొరుగువారి విశ్వాసాన్ని ఎగతాళి చేసే సందేశం ఫోనులో వస్తే, దానిని ముందుకు పంపక అక్కడే ఆపుదాం. మూడు: ఒక రాత్రి, ఎవరూ చూడని వేళ రెండు రకాతులు చదివి, ‘నా హృదయంలో నీ స్థానంలో ఎవరిని కూర్చోబెట్టాను?’ అని ఆ ప్రభువునే అడుగుదాం.

సోదరులారా! ధర అస్తమిస్తుంది, పదవి అస్తమిస్తుంది, యవ్వనం అస్తమిస్తుంది. అస్తమించని ఆ ఒక్కని వైపు ముఖం త్రిప్పుకొనేవారే ఇబ్రాహీమ్ (అలై) సంతతి.

ఓ అల్లాహ్! మా హృదయాలను నీ కోసమే శుద్ధి చేయి. మా నాలుకలను గర్వం నుండి, మా చేతులను అన్యాయం నుండి కాపాడు. మా ఊళ్లలో శాంతిని, మా పొలాలకు వానను, మా పొరుగువారికి మేలును ప్రసాదించు. ఆమీన్.