తలుపు ఎన్నింటికి తీయాలి?

1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. ఆ తర్వాత మాదాపూర్, గచ్చిబౌలిలలో లేచిన మేడల వెనుక ఇటుకలు మోసిన తల్లులున్నారు. 50 మందికి మించి స్త్రీలు పనిచేసే నిర్మాణస్థలంలో ఆరేళ్లలోపు పిల్లలకు గది ఉండాలని 1996 భవన నిర్మాణ కార్మికుల చట్టం చెప్పింది. 50 మంది ఉద్యోగులున్న సంస్థలో శిశుగృహం ఉండాలని 2017 ప్రసూతి ప్రయోజన సవరణ చెప్పింది. తెల్లవారకముందే నాలుగిళ్లలో పాచిపనికి వెళ్లే తల్లిని మాత్రం రెండూ లెక్కలోకి తీసుకోలేదు. పొద్దెక్కాక తెరిచే అంగన్‌వాడీ ఆమెకెలా అక్కరకొస్తుంది?

నేననేది ఒక్కటే: కేంద్రం ఎక్కడుండాలో, తలుపు ఎన్నింటికి తీయాలో బస్తీ తల్లులే కూర్చుని తేల్చాలి. తండ్రులనూ కూర్చోబెట్టాలి, బిడ్డ భారం తల్లి ఒక్కదానిదే కాదు. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలంది. తల్లులు తేల్చిన వేళలను ఆ కమిటీల ముందు పెడదాం, జవాబు అడుగుదాం.