గురువు గారి లెవెల్ బుక్కు

(ఖిలా వరంగల్‌లో జరిగిన విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



గత నెలలో మా ఇంజనీరింగు బ్యాచ్ పూర్వ విద్యార్థులమంతా కలిసి, మాకు పాఠం చెప్పిన ఒక ఆచార్యుల వారికి పురస్కారం అందజేశాము. ఆ విషయం మీతో పంచుకోమని కార్యదర్శి గారు ఆదేశించారు. తన పేరు ఎక్కడా అచ్చు వేయవద్దని గురువు గారు కోరారు కనుక ‘మా సారు’ అని మాత్రమే అంటాను.

మా కాలేజీ మీ అందరికీ తెలిసిందే. 1959 అక్టోబరు 10న పండిత నెహ్రూ గారు శంకుస్థాపన చేసిన రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీ. దేశంలోని ఆర్.ఈ.సి.లలో మొదటిది. 2002లో ఎన్.ఐ.టి. అయింది. సగం మంది ఈ రాష్ట్రం పిల్లలు, సగం మంది ఇతర రాష్ట్రాల వారు. బడిలో తెలుగులో చదివి వచ్చిన నాబోటి వాడికి ఆ తరగతి గదిలో నోరు పెగిలేది కాదు. అటువంటి వారిని సాయంత్రం పూట కూర్చోబెట్టుకొని, అదే పాఠం మళ్లీ తెలుగులో చెప్పిన వారు మా సారు.

1968లో సర్వే పనికి మమ్మల్ని ఇక్కడికే, ఈ ఖిల్లాకే తీసుకొచ్చారు. గణపతిదేవుడు మొదలుపెట్టగా రుద్రమదేవి పూర్తి చేయించిన రాతి కోట, దాని చుట్టూ అగడ్త, ఆ వెలుపల మట్టి కోట. డంపీ లెవెల్ భుజాన వేసుకొని, కీర్తితోరణాల దగ్గర బయలుదేరి, మట్టి కోట దాకా వెళ్లి, తిరిగి బయలుదేరిన చోటికే రావాలి. వచ్చాక మొదటి లెక్కకు, చివరి లెక్కకు ఎంత తేడా ఉందో చూపాలి. ఎండకు తాళలేక ఒకచోట స్టాఫ్ సరిగ్గా చదవలేదు. తేడా ఎక్కువ వచ్చింది. నేను చింతచెట్టు నీడన కూర్చొని, రబ్బరుతో ఒక అంకె చెరిపి, తేడా సున్నా చేశాను.

సారు పుస్తకం చూసి చిన్నగా నవ్వారు. ‘‘ఇంత దూరం తిరిగొచ్చినా వెంట్రుకవాసి తేడా లేదా బాబూ? ఈ పరికరానికి అంత శక్తి లేదే!’’ అన్నారు. నలుగురిలో తిట్టలేదు. మర్నాడు ఆదివారం. తానే సైకిల్ మీద వచ్చి, స్టాఫ్ పట్టుకొని నిలబడి, నాచేత మొత్తం మళ్లీ చేయించారు. ఈసారి కొద్దిగా తేడా వచ్చింది. దాన్ని ఉన్నదున్నట్టు రాయించి సంతకం పెట్టారు. మధ్యాహ్నం తన టిఫిను డబ్బాలో సగం నాకు పెట్టారు.

ఉద్యోగంలో చేరిన తర్వాత ఒక పనిలో, పోయని మట్టిని పోసినట్టు ఎం-బుక్కులో రాయమని నాపై ఒత్తిడి వచ్చింది. కలం చేతిలోకి తీసుకున్న మాట నిజం. అబద్ధమాడి గొప్పలు చెప్పను. కానీ స్టాఫ్ పట్టుకొని ఎండలో నిలబడ్డ సారు కళ్లముందు మెదిలారు. రాయలేదు. నెల తిరక్కుండా బదిలీ అయింది. చంటిపిల్లతో మా ఇంటావిడ చాలా ఇబ్బంది పడింది. ఆ తర్వాత మరో రెండు బదిలీలు.

మొన్న సన్మానంలో ఆమె లేచి, ‘‘సార్, మీ చలవ వల్ల మేము మూడు ఊళ్లు తిరిగాము’’ అన్నది. తొంభైకి దగ్గరపడిన ఆ పెద్దాయన చేతులు జోడించి, ‘‘ఆ బదిలీల ఖర్చు నా ఖాతాలో రాసుకోండమ్మా’’ అన్నారు. సభంతా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఈ కథ ఆయనకు చెప్పడానికి నాకు ఇన్ని దశాబ్దాలు పట్టింది. ఒకే ఊళ్లో ఉంటూ కూడా!

మిత్రులారా, గురువుల సేవ రిటైర్మెంటుతో ముగియదు. అదే కాలేజీలో సివిల్ ఇంజనీరింగ్ బోధించిన ఆచార్య ఎం. పాండురంగారావు గారు పదవీ విరమణ తర్వాత కాకతీయ హెరిటేజ్ ట్రస్టు ద్వారా మన కట్టడాల కోసం పాటుపడ్డారు. పునాది గోతిలో ఇసుక నింపి దానిపై గుడి కట్టిన కాకతీయుల పద్ధతిని, నీటిలో తేలే ఇటుకల సంగతిని ఇంజనీరు కంటితో లోకానికి వివరించిన వారిలో ఆయన ఒకరు. 1213 నాటి రామప్ప గుడికి 2021 జూలైలో యునెస్కో గుర్తింపు రావడం వెనుక అటువంటి వారి శ్రమ ఉన్నది.

మా సారు శాలువా మాత్రం ఉంచుకొని, మేమిచ్చిన చెక్కు తిరిగి ఇచ్చేశారు. ఖిలా వరంగల్ నుంచి పాలిటెక్నిక్‌కు వెళ్లే ఇద్దరు పేద పిల్లల ఫీజు కట్టమన్నారు. ఆ సొమ్ము రెండేళ్లకు సరిపోతుంది. మూడో ఏటి సంగతి మన సంఘం ఆలోచించాలని మనవి. నా వంతు ఈరోజే కోశాధికారి గారికి అందజేస్తున్నాను.

చివరగా ఒక్క మాట. బతికి ఉన్నామని ఏడాదికోసారి లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చి వస్తాము. ఆ వచ్చే దారిలో, మీకు అక్షరం నేర్పిన వారెవరైనా ఉంటే వారి గడప కూడా ఒకసారి తొక్కి రండి. నాలాగా ఆలస్యం చేయకండి.