బార్సూరు ఆలయములు – వాని సంరక్షణము
(సాంస్కృతిక సమాజ సభయందు చేయబడిన ప్రసంగ పాఠము)



కొత్తవలస నుండి కిరందులునకు పోవు రైలుమార్గము తూర్పు కనుమల నెక్కి, సొరంగములను దాటి, జగదల్‌పూరు మీదుగా బస్తరు అడవులలోనికి చేరును. 1968లో బైలాడిల్లా ఇనుపరాతి గనులు పనిచేయ నారంభించిన పిమ్మట ఎందరో తెలుగు ఉద్యోగులు ఈ మార్గముననే వచ్చి కిరందులులోను, బచేలీలోను కాపురములు పెట్టిరి. తెలుగుసీమను విడిచి పరాయిచోటికి వచ్చితిమను దిగులు వారిలో పలువురకు కలిగియుండును. అది సహజము. కాని వారికంటె తొమ్మిదివందల యేండ్లకు ముందే తెలుగు అక్షరము ఆ అడవిని చేరి, రాతిమీద నిలిచియున్నదని తెలిసినవారు మాత్రము కొందరే.

గీదమునకు ఉత్తరముగా సుమారు 20 కిలోమీటర్ల దూరమున, ఇంద్రావతీ నదికి సమీపమున బార్సూరు అను గ్రామము కలదు. నేడది చిన్న ఊరు. నాగవంశపు రాజుల కాలమున అది గొప్ప పట్టణము. అచట 147 గుడులు, 147 చెరువులు ఉండెడివని స్థానికులు చెప్పుకొందురు. ఆ లెక్క యెట్లున్నను, నేటికిని నిలిచియున్న ఆలయములు, పెద్ద వినాయక విగ్రహములు ఆ వైభవమునకు సాక్ష్యము పలుకుచున్నవి.

ఈ సీమకు నాడు చక్రకోట మండలమని పేరు. దీని నేలిన ఛిందక నాగవంశీయులు కన్నడదేశము వైపునుండి వచ్చినవారు. ఆ వంశపు రాజైన జగదేకభూషణ ధారావర్షునకు సామంతుడుగా నుండిన చంద్రాదిత్యుడు తెలుగు చోడవంశీయుడు. ఆతడు బార్సూరున ఒక శివాలయమును కట్టించి, ఒక చెరువును త్రవ్వించి, రెంటికిని తన పేరే పెట్టెను. ఈ సంగతిని తెలుపు 1060వ సంవత్సరపు శాసనము తెలుగున నున్నది. నన్నయ భట్టారకుడు రాజమహేంద్రవరమున భారతాంధ్రీకరణము చేసినదియు ఆ శతాబ్దముననే యని స్మరించినచో, ఈ శాసనపు విలువ బోధపడగలదు.

అదే ఊరిలో బత్తీసా గుడి యని యొకటి కలదు. బత్తీసా యనగా హిందీభాషలో ముప్పదిరెండు. 32 స్తంభములు గల ఒకే మండపమున కెదురుగా రెండు గర్భగృహములు గలవు. సోమేశ్వర మహారాజు దేవేరియైన గంగమహాదేవి తన భర్త పేరిట నొకటియు, తన పేరిట నొకటియు శివాలయములను కట్టించినట్లు శాసనము చెప్పుచున్నది. ఆ శాసనమును తెలుగే. ఒక రాణి తన పేరును మగని పేరుతో సమానముగా ఒకే కప్పు క్రింద నిలుపుకొనిన ఈ కట్టడమును తెలుగు స్త్రీలు ఒకమారైన చూడవలసియున్నది.

అట్టి కట్టడములు ఏల శిథిలమగును? శత్రువులు కూల్చినచోట్లు కొన్ని. ఎవ్వరును పట్టించుకొనక పోవుటచే కూలినచోట్లు అనేకములు. రాళ్ల సందున ఒక రావిగింజ పడును. మొక్కగా నున్నప్పుడు పసిపిల్లవాడు సైతము పెరికివేయగలడు. ఇరువది యేండ్లకు దాని వేరు దూలమును ఎత్తివేయును. కప్పునుండి దిగిన వాననీరు పునాదిలోని మట్టిని కోసివేయును. ఒక స్తంభము ఒరగినచో దానిపై దూలము జారును. క్రిందపడిన రాయిని ఎవరో గోడకని, నూతికని కొనిపోవుదురు. చివరకు మిగిలినది గుడి కాదు, రాళ్లగుట్ట యని తలచి, దానిని తొలగించుటయే మేలని ఒకరు సలహా యిత్తురు.

బస్తరున ఈ చిక్కునకు మరియొకటి తోడైనది. పురాతన కట్టడములను రక్షించుటకు 1904లో ఒక చట్టము, స్వతంత్ర భారతమున 1958లో మరియొక చట్టము వచ్చినవి. రక్షిత కట్టడమునకు నూరు మీటర్లలోపల నూతన నిర్మాణము కూడదని 2010 నాటి సవరణ శాసించుచున్నది. కాని సాయుధ నక్సలైట్ల ప్రాబల్యముగల అడవిలో చట్టమును పట్టుకొని పనివాండ్రను పంపుట ఎట్లు? ఎన్ని ఉత్తరువులున్నను, ప్రాణభయమున్నచోట ఉలి పట్టువాడు రాడు.

2003లో ఈ ప్రశ్నకు సమాధానము లభించినది. భారత పురావస్తు శాఖ యుద్యోగియైన కె.కె. ముహమ్మద్ బార్సూరు, సామలూరు ఆలయముల పునరుద్ధరణమునకు పూనుకొనెను. ఆతడు కేరళీయుడు. ఈ గుడులు ఏ పక్షపు సొత్తును కావనియు, ఆ నేలమీది ప్రజలందరి వారసత్వమనియు ఆయుధధారులకు నచ్చచెప్పి, వారి సమ్మతిని పొందెను. పని సాగినది. ఆలయములు నిలిచినవి. కన్నడదేశమునుండి వచ్చిన రాజుల యేలుబడిలో, తెలుగు శాసనములతో వెలసిన శివాలయములను, గిరిజనుల నేలమీద, కేరళ మహమ్మదీయుడు నిలబెట్టెను. 2005 నుండి చంబల్ లోయలోని బటేశ్వరమున దోపిడిదొంగల నడుమ ఆతడే దాదాపు 80 గుడులను లేవనెత్తెను. 2019లో ప్రభుత్వము ఆతనికి పద్మశ్రీ బిరుదు నిచ్చినది.

కూలిన గుడిని నిలుపుట క్రొత్తగుడి కట్టుటకంటె కష్టము. ముందుగా ప్రతి రాతికిని అంకె వేయవలెను. పటములు గీయవలెను. కట్టడమును పైనుండి క్రిందికి విప్పి, పునాదిని బాగుచేసి, ఏ రాయి ఏ చోటిదో గుర్తించి తిరిగి పేర్చవలెను. పాతపనిని సాధ్యమైనంతవరకు అట్లే నిలుపవలెనేగాని క్రొత్తదానితో మార్చరాదని 1923లో జాన్ మార్షల్ ప్రకటించిన నియమావళి బోధించుచున్నది. 1163లో రుద్రదేవుడు కట్టించిన హనుమకొండ వేయిస్తంభముల గుడి కల్యాణమండపమును 2006లో విప్పిరి. అది తిరిగి నిలిచి ప్రారంభోత్సవము జరిగినది 2024 మార్చిలో. పదునెనిమిదేండ్లు పట్టినది. ఓపికలేనివారికి ఈ పని దక్కదు.

పనికి ఒడిగట్టినచో అసాధ్యము లేదనుటకు నాగార్జునకొండయే నిదర్శనము. సాగరము క్రింద మునుగనున్న బౌద్ధ కట్టడములలో ముఖ్యమైనవానిని కొండమీదికిని, అనుపునకును తరలించి కాపాడిరి. ఈజిప్టులో నైలునది ముంపునుండి అబూసింబెల్ ఆలయములను 1964 మొదలు 1968 వరకు కోసి, ఎత్తునకు చేర్చిరి. బస్తరుననే, బైలాడిల్లా కొండలలోని ఢోల్‌కల్ శిఖరముపైనున్న వినాయకుని 2017 జనవరిలో ఎవరో లోయలోనికి త్రోసివేయగా, విగ్రహము ముక్కలైనది. ఆ ముక్కలను ఏరి, జతపరచి, అనతికాలముననే మరల శిఖరముననే నిలిపిరి.

ఇందు ఉద్యోగుల కుటుంబములు చేయదగిన పని యేమి? పెద్దపని యేదియు లేదు. సెలవుదినమున పిల్లలను బార్సూరునకు కొనిపోవచ్చును. భక్తితోనైనను ప్రాచీన విగ్రహమునకు నూనెయు, రంగును పూయరాదు. గోడలకు సున్నము కొట్టరాదు. పడియున్న రాతిని చక్కగానున్నదని ఇంటికి తేరాదు, అది ఏ దూలమునకు ఆధారమో ఎవ్వరెరుగుదురు? రాతిపై పేరు చెక్కువానిని వారింపవలెను. రక్షిత కట్టడమును పాడుచేసినవారికి రెండేండ్ల వరకు ఖైదు, లక్ష రూపాయల వరకు జరిమానా విధింప చట్టము వీలు కల్పించుచున్నది. గోడసందున మొక్క మొలచినచో పురావస్తు శాఖకు ఒక కార్డుముక్క వ్రాసినను చాలును. ప్రభుత్వోద్యోగి కలమునకు ఇంతకంటె మంచిపని లేదు.

అన్నిటికంటె ముఖ్యముగా, ఆ గ్రామవాసులతో మాటాడవలెను. ఎండవానలలో, భయములో, ఆ గుడులకు దాపున బ్రదుకుచున్నవారు వారే. వారి సమ్మతి లభించినప్పుడే పని సాగినది. ఉద్యోగి బదిలీయై వెడలిపోవును. చంద్రాదిత్యుని శాసనము చెప్పిన గుడికి బదిలీ లేదు. అది బార్సూరుననే ఉండవలెను, అచటివారి సంరక్షణలో, తెలుగువారి శ్రద్ధాసక్తులతో.

స్వస్తి.