పాలు పోసే అక్కచెల్లెళ్లకు నాలుగు మాటలు
(ఓర్వకల్లు మండల సమాఖ్య వార్షిక మహాసభలో చేసిన ప్రసంగం)



మనలో శానామంది సంఘం అప్పుతో ఎనుములు కొన్నాం. కొందరం పాల కేంద్రానికి పోస్తాం, కొందరం ఇండ్లకు పోస్తాం. విడిపాలు అమ్మడమే ఆపాలని కొందరంటారు. ఆపితే దినామూ చేతికొచ్చే డబ్బులు పోయేది మనకే. అట్లని "మా పాలకేమైంది?" అంటే కూడా కుదరదు.

లాక్టోమీటరు నీళ్లను పట్టిస్తుంది, రోగక్రిమిని పట్టించదు. పశువుకు క్షయ, బ్రూసెల్లా ఉంటే పచ్చిపాలతో మనిషికీ అంటుకోవచ్చు. బాగా కాచితే ఆ క్రిములు చస్తాయి. అందుకే గుమ్మపాలు బలమని పిల్లోళ్లకు తాపొద్దు. సూది వేయించిన ఎనుము పాలు డాక్టరు చెప్పినన్ని రోజులు ఎవరికీ పోయొద్దు.

2006లో ఆహార భద్రత చట్టం వచ్చింది. 2011 నిబంధనల్లో, పాల సహకార సంఘంలో సభ్యురాలై పాలన్నీ అక్కడే పోసే ఆమెకు విడిగా నమోదు అక్కర్లేదన్నారు. ఇండ్లకు అమ్మే మనకు నమోదు కావాల. అది మనల్ని ఆపేది కాదు, మన యాపారానికి గుర్తింపు. గ్రామ సంఘంలో అందరం కలిసి చేయించుకుందాం.

చెంబుతో కొలిచేటప్పుడు "కాచి తాగమ్మా" అని చెప్పడానికి సిగ్గెందుకు? నమ్మకం పోతే ఎనుము ఇంట్లో ఉన్నా గిరాకీ ఉండదు.