ఆన్‌లైన్‌లో అమ్మిన పెట్టెకు మన చేతికొచ్చేదెంత?

(సంఘం శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



దళారీ లేకుండా మామిడిపళ్లు నేరుగా తినేవాళ్లకే అమ్ముదామని మన ఎఫ్‌పీఓలు ఆన్‌లైన్ బాట పట్టాయి. మంచిదే. మార్కెట్ యార్డులో కమీషన్ ఎంత, హమాలీ ఎంత అని కాటా దగ్గర నిలబడి అడిగే మనం, ఈ కొత్త దారిలో ఎవరెంత పట్టుకుంటున్నారో మాత్రం అడగడం లేదు.

హైదరాబాద్‌లో ఒకరు వెయ్యి రూపాయల బంగినపల్లి పెట్టెను క్రెడిట్ కార్డుతో కొన్నారనుకుందాం. ఆ కార్డు వివరాలు పేమెంట్ గేట్‌వేకు, అక్కడి నుంచి అమ్మేవారి తరఫు బ్యాంకుకు, ఆపై వీసా, మాస్టర్‌కార్డ్, రూపే వంటి నెట్‌వర్క్ ద్వారా కార్డు ఇచ్చిన బ్యాంకుకు వెళ్తాయి. ఆ బ్యాంకు ఓటీపీ సరిచూసి, కార్డులో పరిమితి ఉందో లేదో చూసి 'సరే' అంటుంది. అంతా క్షణాల్లోనే. కానీ అది మాట మాత్రమే. డబ్బు మన ఖాతాలో పడేది మామూలుగా ఒకటి రెండు పనిదినాల తర్వాతే.

పడేది కూడా వెయ్యి కాదు. రుసుము నూటికి రెండు అనుకుంటే 20 రూపాయలు. మిగిలేది 980. డెబిట్ కార్డు రుసుముకు రిజర్వ్ బ్యాంకు గరిష్ఠ పరిమితి పెట్టింది. 2020 జనవరి నుంచి రూపే డెబిట్ కార్డుకూ, బ్యాంకు ఖాతా నుంచి చేసే యూపీఐ చెల్లింపుకూ ఆ రుసుమే లేదు. క్రెడిట్ కార్డుకు అలాంటి పరిమితి లేదు. బేరమాడుకోవాల్సిందే.

ఇంకొకటి చార్జ్‌బ్యాక్. కిందటి వేసవిలో పెట్టె అందలేదని ఒక కొనుగోలుదారు తన బ్యాంకుకు ఫిర్యాదు చేశారు. అందినట్టు సంతకం గానీ ఫొటో గానీ మా దగ్గర లేదు. పడిన డబ్బు వెనక్కి పోయింది, పళ్లూ పోయాయి.

అందుకే మూడు పనులు చేద్దాం. సీజనుకు ముందే గేట్‌వే ఒప్పందాన్ని అందరి ముందూ చదివించి, ఎఫ్‌పీఓలన్నీ కలిసి రేటు మాట్లాడదాం. ప్రతి పెట్టెకూ అందిన రుజువు దాచుదాం. ఎవరి కార్డు నంబరూ పుస్తకంలో రాసుకోవద్దు; 2022 అక్టోబరు 1 నుంచి అమ్మేవారు ఆ నంబర్లు దాచుకోకూడదని రిజర్వ్ బ్యాంకు నిబంధన. ఫోనులో చెప్పబోయినా వద్దనండి.

కాటాలో తరుగు అడిగినట్టే, ఖాతాలో తరుగూ అడుగుదాం.