పాత ఇల్లా, కొత్త ఇల్లా?



దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ గృహస్థులు పలువురు మమ్ము ఒకే మాట అడుగుచున్నారు. విజయవాడ రహదారిపై హయత్‌నగర్ దాటి సిద్ధముగా కట్టిన ఇల్లు కొనవలెనా, నల్లగొండ పల్లెలోని తాతగారి పెంకుటింటిని బాగుచేయించుకొనవలెనా?

దేవాలయ విషయమున మన పెద్దలు జీర్ణోద్ధరణమునే మిన్నగా ఎంచిరి. హనుమకొండ వేయిస్తంభముల గుడి కల్యాణమండపమును 2006లో విప్పి, రాళ్ళకు అంకెలు వేసి, పునాదిని పటిష్ఠపరచి, 2024 మార్చిలో తిరిగి తెరచిరి. 18 సంవత్సరములు పట్టినది! కొత్తది కట్టుటయే సులభము.

కావున పాత ఇల్లనగానే ఖర్చు తక్కువని తలపరాదు. మొదట పునాదిని, పిదప దూలములకు చెద పట్టినదేమో చూడవలెను. పెంకులు మార్చుట స్వల్పము. డంగుసున్నపు గోడకు సిమెంటు పూయించుట మాత్రము కూడదు. సిమెంటు లోపలి చెమ్మను బయటకు పోనీయదు. పైకి నునుపు, లోన కుళ్ళు. సున్నమునే వాడవలెను.

అన్నియు బాగుండియు అన్నదమ్ముల అంగీకారము లేనిచో ఆ ఇంట ఒక్క ఇటుకయు కదపరాదు. అట్టివారు హయత్‌నగర్ ఆవలనే కొనుక్కొందురు గాక. బయానాకు ముందే లింకు దస్తావేజులను న్యాయవాదికి చూపించుకొనవలెను. ముహూర్తము మమ్ము తరువాత అడుగవచ్చును.