నడిసముద్రంలో ప్రాణం మీదికి వస్తే
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠము)



నేను పిల్లలకు ఉర్దూలో పాఠం చెప్పేవాణ్ణి. తెలుగులో మాట్లాడమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు గనుక ఎక్కడైనా మాట తడబడితే మన్నించగలరు. నిన్న నా ప్రసంగ విషయం విని ఒక పెద్దమనిషి, "ఓడల్లో జబ్బులేమిటి మాస్టర్ సాబ్, మనకు ఓడలెక్కడివి?" అని నవ్వారు. ఆయనకు జవాబు చెప్పడంతోనే మొదలుపెడతాను.

మనవాళ్ళకు ఓడ కొత్త కాదు. 1995 వరకు బొంబాయి నుంచి జిద్దాకు హాజీల ఓడ నడిచింది. మా నానా, అనగా మా అమ్మగారి తండ్రి, 1979లో ఆ దారినే హజ్‌కు వెళ్ళి వచ్చారు. మా చిన్నతనంలో ఆయన చెప్పిన కథలన్నింటిలో ఒకటి మాత్రం నా మనసులోంచి పోలేదు. ఓడలో ఆయన పక్క పరుపు మీద మన జిల్లా మనిషే ఒకాయన ఉండేవారట. బొంబాయిలో ఎక్కినప్పటినుంచి ఆయనకు ఛాతీలో నొప్పి. చేత్తో అదిమిపెట్టుకొని పడుకునేవారు. డాక్టరుగారిని పిలుస్తానంటే మా నానా చెయ్యి పట్టుకొని, "వద్దు భాయ్, చెబితే దింపేస్తారు, ఇన్నేళ్ళుగా పైసా పైసా కూడబెట్టుకున్నాను" అన్నారట. మూడవ రాత్రి డాక్టరు వచ్చేసరికి అంతా అయిపోయింది. గుసుల్ చేయించి, కఫన్ చుట్టి, డెక్కు మీద జనాజా నమాజు చదివి, బరువు కట్టి, సముద్రంలో దించారు. ఒడ్డు దూరమై, దేహం పాడవుతుందన్న భయమున్నప్పుడు అలా చేయవచ్చునని మన ఫిఖ్హ్ గ్రంథాలలో ఉన్నది. ఓడ కాసేపు నెమ్మదించి, మళ్ళీ వేగం అందుకున్నదట. ఆయన సంచిలో జమ్‌జమ్ నీళ్ళకని తెచ్చుకున్న ఖాళీ డబ్బా మిగిలిపోయింది. మా నానా దానిని నింపి తెచ్చి, వారి ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళి ఇచ్చి వచ్చారు.

హాజీల ఓడ ఇప్పుడు లేదు. కాని ఓడ మాత్రం మరో రూపంలో మన ఇళ్ళలోకి వచ్చింది. అమెరికాలోనో గల్ఫులోనో ఉన్న కొడుకు తల్లిదండ్రులను పిలిపించుకొని, నాలుగు రోజులు క్రూజు ఓడలో తిప్పి చూపిస్తున్నాడు. 2022లో మన విశాఖపట్నం రేవుకే అటువంటి విహార ఓడ వచ్చింది. ఇక ఆ ఓడల వంటశాలల్లో, భోజనాల హాళ్ళలో పనిచేసే కుర్రవాళ్ళలో మన పిల్లలున్నారు. కనుక ఈ విషయం మనదే.

పెద్ద క్రూజు ఓడంటే తేలే ఊరు. మూడు నాలుగు వేలమంది ఉంటారు. ఆ ఊరికి ఒక చిన్న దవాఖానా, ఒకరో ఇద్దరో డాక్టర్లు, కొందరు నర్సులు. ఇ.సి.జి. తీస్తారు, ఎక్స్‌రే తీస్తారు, కొన్ని రక్తపరీక్షలు చేస్తారు. గుండె ఆగితే షాకు ఇచ్చే యంత్రము, ఊపిరి ఆడించే యంత్రము ఉంటాయి. గుండెపోటుకు గడ్డ కరిగించే ఇంజెక్షను కూడా చాలా ఓడల్లో ఉంటుంది. వచ్చే రోగులలో ఎక్కువమంది దగ్గు, జ్వరం, వాంతులు, మెట్లమీద జారిపడ్డ దెబ్బలవాళ్ళే గనుక పని సాగిపోతుంది. అయితే గుండె రక్తనాళంలో స్టెంటు వేసే ఏర్పాటు అక్కడ ఉండదు. పెద్ద ఆపరేషను చేయరు. రక్తం నిలవ ఉండే బ్లడ్ బ్యాంకు సాధారణంగా ఉండదు. మరీ అవసరమైతే ఓడలోనే సరిపోయే గ్రూపువాళ్ళను వెతికి, అప్పటికప్పుడు రక్తం తీసి ఎక్కించిన సందర్భాలున్నాయి. కాబట్టి ఆ డాక్టరు పని రోగిని పూర్తిగా నయం చేయడం కాదు, ఒడ్డు చేరేదాకా ప్రాణం నిలబెట్టడం.

ఇక్కడ ఒక లెక్క చెబుతాను, లెక్కల మాస్టారిని కాకపోయినా. ఓడ వేగాన్ని నాట్లలో చెబుతారు. ఒక నాటికల్ మైలు సుమారు 1.85 కిలోమీటర్లు. క్రూజు ఓడ గంటకు 20 నాటికల్ మైళ్ళ చొప్పున వెళుతుందనుకోండి. రాత్రి 10 గంటలకు ఛాతీలో నొప్పి వచ్చింది. "భోజనం పడలేదేమో, గ్యాసు అయివుంటుంది, పొద్దున చూద్దాం" అని పడుకున్నాడు. ఉదయం 6కి డాక్టరు దగ్గరకు పోయాడు. ఆ 8 గంటల్లో ఓడ దాదాపు 300 కిలోమీటర్లు పోయింది. ఒడ్డునుంచి వచ్చే రక్షణ హెలికాప్టర్లకు సుమారు 200 నాటికల్ మైళ్ళు దాటితే వచ్చి, రోగిని ఎక్కించుకొని, తిరిగి పోవడం కష్టం. నిన్న రాత్రి అందే దూరంలో ఉన్న మనిషి ఈ ఉదయం అందకుండా పోయాడన్నమాట. మన ఊళ్ళో అయితే పొద్దున్నకు కూడా ఆస్పత్రి అక్కడే ఉంటుంది. సముద్రంలో ఆస్పత్రి వెనక్కు వెళ్ళిపోతూ ఉంటుంది.

రోగిని దింపాలా వద్దా అన్నది డాక్టరు, కెప్టెను, ఒడ్డున ఉండే రక్షణ కేంద్రంవారు కలిసి తేల్చే మాట. వెనక్కు తిప్పాలా, వేగం పెంచి ముందు రేవుకు పోవాలా, పడవ పిలవాలా, హెలికాప్టరు పిలవాలా అని చూస్తారు. హెలికాప్టరు అనగానే మనకు సినిమా గుర్తుకొస్తుంది. నిజానికి అది రోగికి మరొక ప్రమాదమే. చాలాసార్లు అది ఓడమీద దిగదు, పైన నిలిచి తీగ వదులుతుంది. ఓడ గాలికి తగినట్టు తిరగాలి. పై డెక్కుమీది జనాన్ని లోపలికి పంపి, ఎగిరిపోయే కుర్చీలు, గుడ్డలు తీసేస్తారు. దిగివచ్చే కొక్కేనికి గాలిలో విద్యుత్తు పట్టివుంటుంది, కనుక అది ముందు ఓడను తాకాలి, ఆ తర్వాతే మనుషులు పట్టుకోవాలి. రోగితో భార్య కూడా వస్తానంటే సాధారణంగా ఒప్పుకోరు. ఆమె తర్వాతి రేవులో దిగి వెతుక్కుంటూ పోవలసిందే. అందుకని భర్త పాసుపోర్టు, మందుల చీటీ ఎక్కడున్నదీ భార్యకు తెలిసి ఉండాలి. మన ఇళ్ళలో అవి ఎక్కడున్నవో ఆయనకే తెలుస్తుంది, ఆయన్నేమో తీగమీద పైకి తీసుకుపోతారు!

మన కోస్ట్ గార్డు 1978లో ఏర్పడింది. ముంబయి, చెన్నై, పోర్టు బ్లెయిర్లలో వారి రక్షణ సమన్వయ కేంద్రాలున్నాయి. 2023 ఆగస్టు 16 రాత్రి, ముంబయికి సుమారు 200 కిలోమీటర్ల దూరంలో ఒక పరిశోధక నౌకలో ఒక చైనా మనిషికి ఛాతీనొప్పి వచ్చింది. వాతావరణం బాగాలేదు, చీకటి. అయినా మనవారి హెలికాప్టరు వెళ్ళి అతన్ని లేపుకొని వచ్చింది. చైనావాడా, భారతీయుడా అని సముద్రంలో అడగరు. 1935లోనే రోమ్ నగరంలో సి.ఐ.ఆర్.ఎం. అనే సంస్థ పుట్టింది, డాక్టరు లేని ఓడలకు రేడియోలో ఉచితంగా సలహా చెప్పడానికి. రేడియోకు పేరుపొందిన మార్కోనీగారే దానికి తొలి అధ్యక్షులు. ఏ దేశపు ఓడ అయినా అడగవచ్చు.

ఒక్క రోగిని దింపడమే ఇంత పని అయితే ఓడంతా దింపవలసి వస్తే? 2019 మార్చి 23న నార్వే తీరంలో వైకింగ్ స్కై అనే ఓడ తుఫానులో ఇంజన్లు ఆగి, రాళ్ళవైపు కొట్టుకుపోయింది. లోపల 1,373 మంది. ఎక్కువమంది వయసు మళ్ళినవారే. హెలికాప్టర్లు ఆ రాత్రంతా తిరిగి 479 మందిని తీగలమీద లేపాయి. చివరకు ఇంజన్లు పనిచేసి ఓడ రేవు చేరింది. తర్వాత తేలిన కారణం వింటే ఆశ్చర్యమేస్తుంది. ఇంజన్లలో నూనె మట్టం తక్కువగా ఉండటం.

ఇప్పుడు దాచిపెట్టడం సంగతి. మనవాళ్ళు షుగరు దాస్తారు, బి.పి. దాస్తారు, పాత గుండెజబ్బు దాస్తారు. ఎక్కనివ్వరేమోనన్న భయం ఒకటి, నలుగురికి తెలుస్తుందన్న సిగ్గు ఒకటి. ఓడలో దవాఖానా బిల్లు ప్రయాణికుడి లెక్కలో పడుతుంది, పరాయి దేశపు ఆస్పత్రి బిల్లు వేరు, అక్కడినుంచి అంబులెన్సు విమానం కావలసివస్తే అది లక్షలమీద మాట. ఇక్కడ మనం కట్టే మెడిక్లెయిము చాలావరకు దేశం దాటితే పనిచేయదు. వేరే ప్రయాణ బీమా తీసుకోవాలి. అందులో పాత జబ్బు రాయకుండా దాచితే ఆ జబ్బుకే డబ్బు అవసరమైననాడు కంపెనీ చేతులు ఎత్తేస్తుంది. కాబట్టి ముందే రాయండి. మందులు పెద్ద పెట్టెలో వేయకండి, ఆ పెట్టె గది చేరడానికి గంటలు పడుతుంది. చేతిసంచిలో ఉంచుకోండి. కాన్పుకు దగ్గరైన ఆడపిల్లలను ఎక్కించాలని చూడవద్దు, 24 వారాలు వచ్చినవారిని చాలా కంపెనీలు అసలు రానివ్వవు.

పనిచేసే పిల్లల విషయం కాస్త వివరంగా చెప్పవలసి ఉన్నది. నా దగ్గర చదువుకున్న ఒక కుర్రవాడు క్రూజు ఓడ వంటశాలలో చేరాడు. ఒకనాటి రాత్రి అతని తల్లి ఫోను పట్టుకొని మా ఇంటికి వచ్చింది. అందులో ఇంగ్లీషులో ఒక సందేశం. ఆమెకు పక్కింటి పిల్లవాడు చదివి చెప్పినదాంట్లో అర్థమైంది ఒక్కటే మాట. "దింపేశారట మాస్టర్ సాబ్. ఏం తప్పు చేశాడు నా కొడుకు?" అని ఏడ్చింది. నేను చదివి చూస్తే, వైద్యం కోసం రేవులో దింపామని రాసివుంది. అపెండిక్సు. రెండు రోజులు కడుపునొప్పి దాచుకొని గిన్నెలు కడిగాడట, పైవాడు రిపోర్టు రాస్తాడేమోనని. అది లోపలే పగిలింది. ఉద్యోగం పెట్టించిన ఏజెంటుకు ఆ రాత్రి పదకొండుసార్లు ఫోను చేశాను, ఎత్తలేదు. డబ్బు తీసుకునేటప్పుడు మాత్రం ఒక్క రింగుకే ఎత్తేవాడని ఆ తల్లి చెప్పింది.

ఆ తర్వాతనే నేను ఈ చట్టం చదివాను. 2006 నాటి అంతర్జాతీయ నావిక కార్మిక ఒప్పందం 2013లో అమలుకు వచ్చింది. మన దేశం 2015లో ఒప్పుకొన్నది. దాని ప్రకారం వందమంది గాని, అంతకు పైబడి గాని ఉండి, మూడు రోజులు మించి దేశాంతరం పోయే ఓడలో డాక్టరు ఉండి తీరాలి. పనివాడికి జబ్బు చేస్తే వైద్యం ఖర్చు, ఇంటికి చేర్చే ఖర్చు ఓడ యజమానిదే. దేశాల చట్టాలు వైద్యం ఖర్చుకు గడువు పెట్టవచ్చును గాని, అది 16 వారాలకు తగ్గరాదు. ఉద్యోగం ఇప్పించినందుకు పిల్లవాడి దగ్గర ఫీజు వసూలు చేయరాదు. అయితే ఒక మెలిక ఉన్నది. చేరేటప్పుడు జబ్బును కావాలని దాచిపెడితే యజమాని ఆ బాధ్యతనుంచి తప్పుకోవచ్చు. చూశారా, మళ్ళీ దాచిపెట్టడం దగ్గరికే వచ్చాము.

ఓడ పనివాళ్ళ స్థితి ఏమిటో 2020 ఫిబ్రవరిలో లోకమంతా చూసింది. డైమండ్ ప్రిన్సెస్ ఓడ జపానులో యోకోహామా రేవులో ఆగిపోయింది. 3,711 మందిలో 712 మందికి కరోనా సోకింది. ప్రయాణికులను గదుల్లో ఉండమన్నారు. వారికి అన్నం పట్టుకెళ్ళి ఇచ్చింది పనివాళ్ళు. ఓడలోని 138 మంది భారతీయులలో 132 మంది పనివాళ్ళే. ఫిబ్రవరి 27న మన ప్రభుత్వ విమానంలో 119 మంది ఢిల్లీ చేరారు. ఆ రోజుల్లో వారి తల్లులు ఎలా గడిపారో, నా గుమ్మంలో నిలబడి ఏడ్చిన ఆ తల్లిని చూసినవాణ్ణి గనుక ఊహించగలను.

మా కుర్రవాడు ఆపరేషనయి, నెల తిరక్కుండా ఇంటికి వచ్చాడు. ఖర్చు కంపెనీయే పెట్టుకొన్నది. మళ్ళీ ఓడెక్కాడు కూడా.

సంఘం తరఫున ఉర్దూలోను, తెలుగులోను ఒక ఫారం అచ్చు వేయించాము. ఓడలో పనికి గాని, విహారానికి గాని వెళ్ళేవారు పేరు, రక్తం గ్రూపు, పాత జబ్బులు, వాడే మందులు, ఓడ పేరు, ఏజెంటుకున్న ప్రభుత్వ లైసెన్సు నంబరు రాసి ఒక ప్రతి ఇంట్లో, ఒక ప్రతి ఆఫీసులో ఉంచాలి. ద్వారం దగ్గర బల్లమీద ఉన్నాయి, తీసుకోండి. మొట్టమొదటి ఫారం మా మామూగారే నింపి ఇచ్చారు. వచ్చే నెల ఆయన కొడుకు ఆయన్ను ఓడెక్కించబోతున్నాడు. "పాత జబ్బులు" అన్న గడిలో "అల్‌హమ్దులిల్లాహ్, ఏమీ లేవు" అని రాశారు. ఆయన షుగరు మాత్రల డబ్బా మా ఇంట్లో ఫ్రిజ్ మీద ఉన్నది. ఆ ఫారం ఇదిగో, నా జేబులోనే ఉంది. సభ అయిన తర్వాత ఆయనకే తిరిగి ఇవ్వబోతున్నాను.